ఇంకొక్కటి కావాలట

సెప్టెంబరు 9, మంగళవారం

ఆస్పత్రికి వెళ్ళొచ్చాం, మా అమ్మాయి సుధేష్ణా, మనవరాలు సాహితీ, నేనూ. మేముండే లూకన్ నుంచి బస్సులో గంటంబావు. కారు తీస్తానంది మా అమ్మాయి. అక్కడ కారు పెట్టే చోటు దొరికేలోపు ఉన్న జబ్బు తగ్గిపోయి కొత్తది పట్టుకుంటుందని నేనే వద్దన్నాను.

డాక్టర్ బ్రెనన్ పొడవాటి మనిషి, పొట్టి మాటలు. "హౌ ఆర్ యూ కీపింగ్, సాహితీ?" అంది. "గ్రాండ్," అంది మా మనవరాలు. ఈ అయిర్లండులో పాడె మీదివాణ్ణి పలకరించినా గ్రాండ్ అనే అంటాడు. ఆవిడా ఇక్కడి మనిషే కనుక ఆ మాట నమ్మలేదు. గొట్టంలో ఊదమంది. అంకె చూసి కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టింది. కాలేజీలో ఫెయిలయ్యే పేపరు చూసినప్పుడు నేనూ సరిగ్గా అదే చేసేదాన్ని.

కొత్త ఇంజెక్షన్ ఒకటుందట. నెలకోసారి. అది పడితే పిల్ల ఇంకెప్పుడూ ఇలా ఆయాసపడనక్కర్లేదట. అయితే డాక్టరు రాసినంత మాత్రాన రాదు. మా అల్లుడు హేమచంద్ కంపెనీ ఇన్సూరెన్సు వాళ్ళు ఇది మా పరిధి కాదని ఆగస్టులోనే చేతులు దులిపేసుకున్నారు. ఇక మిగిలింది సర్కారువారి ఆమోదాల ఆఫీసు. వాళ్ళు ముందుగా ఒప్పుకుంటేనే మందు. వాళ్ళ ఫారంలో ఎన్ని గళ్ళున్నా అసలు ప్రశ్న ఒకటే: గడిచిన పన్నెండు నెలల్లో స్టెరాయిడ్ మాత్రలు వాడవలసినంత ఆయాసం ఎన్నిసార్లు వచ్చింది?

"కిందటి డిసెంబరు నాలుగున ఎమర్జెన్సీకి వచ్చాం. మేలో జీపీ రాశారు," అంది సుధేష్ణ ఇంగ్లీషులో.

"అంటే రెండు. ఇంకేమైనా?"

"లేవు."

నేను కిటికీలోంచి కింద కార్లు చూస్తూ కూర్చున్నాను. ఒక్క ఖాళీ లేదు. చెప్పానా.

బయటికొస్తుంటే అక్కడి నర్సు పలకరించింది. ఆయేషా అట, మిర్యాలగూడ పిల్ల. "అమ్మమ్మా, ఏ ఊరు మనది?" అంది. తెనాలి అన్నాను. "గందుకేనా, డాక్టర్ మేడం దిక్కు ఇన్‌స్పెక్షన్‌కు వచ్చినట్టు చూస్తున్నరు!" అని నవ్వింది. నాకు నచ్చింది. ఆ మాట దానికి చెప్పలేదు.

సెప్టెంబరు 13, శనివారం

డబ్బా సర్దాను. నీలం బిస్కట్ల డబ్బా, వంటింటి ప్రెస్‌లో పై అరలో, కందిపప్పు వెనక. ఇక్కడ అలమరని ప్రెస్ అంటారు. ముప్పైఒక్క ఏళ్ళు కెమిస్ట్రీ చెప్పిన మనిషిని. మందుల్ని పేరుపేరునా, తారీకువారీగా పెట్టుకుంటాను. జూన్‌లో తెనాలి వెళ్ళినప్పుడు తెచ్చిన స్టెరాయిడ్ మాత్రలు ఇరవై స్ట్రిప్పులు, పదేసివి. మన మందుల కొట్టువాడు చీటీ అడగడు, "అమ్మాయిగారు బాగున్నారా" అని మాత్రం అడుగుతాడు. ఆగస్టు చివర్లో ఒకటిన్నర వాడాం. పద్దెనిమిదిన్నర ఉన్నాయి.

ఇక్కడ జీపీ, అంటే పేట డాక్టరు, దొరకాలంటే పొద్దున్న ఎనిమిదిన్నరకి ఫోను పట్టుకుని సంగీతం వినాలి. ఎత్తేసరికి ఆ పూటకి ఖాళీల్లేవంటారు. ఎమర్జెన్సీలో పదకొండు గంటలు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోవాలి. డిసెంబరులో కూర్చున్నాం. అప్పుడే అనుకున్నాను, మన ఇంట్లో మన మందు ఉండగా, ములింగార్ ఆస్పత్రిలో మన డాక్టరు ఉండగా, ఎందుకీ దేబిరింపు అని. చక్రధర్ నా తమ్ముడి కొడుకు. ఫోను చేస్తే "మూడు మాత్రలు, ఐదు రోజులు, అత్తా" అంటాడు. ఫిబ్రవరిలో అంతే, ఉగాదికి అంతే, ఆగస్టులో అంతే. బడి పోలేదు. కమోగీ ఆట పోలేదు. ఎవరికీ ఇబ్బంది లేకుండా తగ్గింది.

సెప్టెంబరు 28, ఆదివారం

కమ్యూనిటీ హాల్లో దసరా వేడుక. కొండల్ రావుగారి భార్య సాహితిని చూసి, "పాపకి ఉబ్బసమటగా, ఎవరో అన్నారు," అంది. డస్ట్ ఎలర్జీ అన్నాను. "మా మరిది కొడుకు ఒకడున్నాడు, మెడిసిన్ రెండో ఏడు," అని వెంటనే మాట మార్చింది. ఆవిడ మార్చలేదు, అదే మాట కొనసాగించింది.

నేను అలాంటివి లెక్కచేసే మనిషిని కాను. డస్ట్ కూడా ఒక కారణమే. అబద్ధం కాదు.

అక్టోబరు 2, గురువారం

పొద్దున మెట్లు దిగుతూ మధ్యలో కూర్చుండిపోయింది. వీపు మీద చెవి పెట్టాను. లోపల పిల్లిపిల్లలు అరుస్తున్నట్టు కూతలు. చక్రధర్ వార్డులో ఉన్నాడట, రెండో రింగుకే ఎత్తాడు. మూడు మాత్రలిచ్చాను.

మా చెల్లెలు రమ ఇలాగే మెట్టుమీద కూర్చునేది. "కిటికీ తియ్యక్కా" అనేది.

అక్టోబరు 6, సోమవారం

తగ్గింది. ఐదు రోజులు, పదిహేను మాత్రలు. "యూ ఆర్ బెటర్ దాన్ ద జీపీ, అమ్మమ్మా," అంది. రోజూ మాత్ర పెట్టేటప్పుడు డబ్బా దింపడం, స్ట్రిప్పు చించడం పక్కనే నిలబడి చూసేది. నేర్చుకునే బుద్ధి ఉంది. మెడిసిన్ చదివిస్తే రాణిస్తుంది.

అక్టోబరు 21, మంగళవారం

దీపావళి మర్నాడు. ఉత్తరం వచ్చింది.

తిరస్కరించారు. కంటికి కనబడే భాషలో కాదు. "ప్రస్తుతానికి అర్హతా ప్రమాణాలను అందుకోలేదు" అట. కింద "కైండ్ రిగార్డ్స్." పన్నెండు నెలల్లో కనీసం మూడు ఉండాలి, వైద్యుడు రాసి, ఫార్మసీ ఇచ్చి, రికార్డుకెక్కినవి. మనవి రెండు.

హేమచంద్ లీక్స్‌లిప్‌లో చిప్పుల ఫ్యాక్టరీలో పన్నెండు గంటలు నిలబడి వచ్చాడు. బూట్లు విప్పకుండానే చదివాడు. మా అల్లుడు నెమ్మదస్తుడు. నెమ్మదస్తులు అడిగే ప్రశ్నలకే జవాబు చెప్పలేం.

"రెండేనా? ఉగాదికి రాలేదూ? ఆగస్టులో నేను నైట్ షిఫ్టులో ఉన్నప్పుడు?"

"అవి అమ్మ ఇంట్లోనే తగ్గించింది కదండీ," అంది సుధేష్ణ.

"తగ్గించారు, సరే. ఎక్కడ రాసుంది?"

సాహితి మెట్లమీద కూర్చుని అన్నీ వింటోంది. కాసేపటికి "ఇట్స్ గ్రాండ్, డాడీ, ఐ డోంట్ నీడ్ ఇట్," అంది.

"మొత్తం ఎన్నిసార్లండీ, అత్తయ్యగారూ?"

గుర్తులేదన్నాను.

రాత్రి పడుకోబోయే ముందు ఈ పుస్తకం వెనక్కి తిప్పాను. ఫిబ్రవరి 11. మార్చి 30. ఆగస్టు 27. అక్టోబరు 2. రెండు వాళ్ళవి, నాలుగు నావి. నావి ఈ పుస్తకంలో తప్ప ఎక్కడా జరగలేదు.

అక్టోబరు 23, గురువారం

చక్రధర్‌కి ఫోను చేశాను, నువ్వే డాక్టర్ బ్రెనన్‌తో ఒక మాట చెప్పరా అని.

"అత్తా, నీ కాళ్ళు పట్టుకుంటా. నా పేరు ఎక్కడా రానీకు. సొంతవాళ్ళకి మందు రాయకూడదిక్కడ."

"నువ్వు రాయలేదు కదరా. చెప్పావు."

"అదింకా ఘోరం! పిల్లని చూడకుండా ఫోన్లో చెప్పాను. పైగా ఇండియా మాత్రలు. నా రిజిస్ట్రేషన్ పోతుంది. శ్యాం ఇప్పుడే బళ్ళో చేరాడు."

శ్యాం వాడి కొడుకు. నాలుగేళ్ళు. నన్ను "గుంటూరు నానమ్మ" అంటాడు, తెనాలి అని ఎన్నిసార్లు చెప్పినా.

సరేలే అన్నాను.

అక్టోబరు 27, సోమవారం

బ్యాంకు సెలవట. అయినా ఆయేషా తన సొంత ఫోను నుంచి చేసింది. మంచి పిల్ల.

"అమ్మమ్మా, నేను చెప్పిన అని కాదు. ఈసారి ఆయాసం వస్తే ఇంట్ల ఉంచకుండ్రి. సీదా ఇక్కడికే తీసుకరండ్రి. కాగితం మీద పడాలె. ఇంకొక్కటి పడితే మేడం మళ్ళ పంపుతది, నేను వెంటపడి చేయిస్త. గని డిసెంబర్ నాలుగు దాటితే నిరుటిది లెక్కలకెల్లి పోతది. అప్పుడు మళ్ళ ఒక్కటే మిగుల్తది."

ఇంకొక్కటి కావాలట. గారెలు వడ్డించేటప్పుడు తప్ప ఈ మాట ఇంత మామూలుగా ఎవరూ అనగా వినలేదు.

"ఇంట్ల ఏమన్న మందులు వాడుతున్నరా?" అనీ అడిగింది.

మిరియాల కషాయం అన్నాను.

అక్టోబరు 28, మంగళవారం

కుటుంబ సమావేశం. సాహితి బడికి వెళ్ళాకే. బడి లేదు, మిడ్‌టర్మ్ సెలవులు. కమోగీకి వెళ్ళాకే.

తీర్మానం: ఈసారి వస్తే ఇంట్లో మాత్ర ఇవ్వకూడదు. నా చెయ్యి ఆగదని నాకే తెలుసు. అందుకే డబ్బా నేనే దింపి హేమచంద్ చేతిలో పెట్టాను. కారు డిక్కీలో స్పేర్ టైరు పక్కన పెట్టి తాళం వేశాడు. బంగారం లాకర్లో పెట్టినట్టు.

ఇచ్చే ముందు లెక్కపెట్టాను. పదిహేడు స్ట్రిప్పులుండాలి. తొమ్మిదే ఉన్నాయి. రెండుసార్లు లెక్కపెట్టాను. తెనాలి కొట్టువాడు తక్కువ కట్టాడు. వాళ్ళ నాన్న ఉన్నప్పుడు ఇలా ఉండేది కాదు.

(సెప్టెంబరులో పద్దెనిమిదిన్నర అని నేనే రాశాను. చూపు ఆనక తప్పు లెక్కపెట్టి ఉంటాను.)

అక్టోబరు 31, శుక్రవారం

హాలోవీన్. మా ఇళ్ళ ఎస్టేటు మధ్య పచ్చికలో పిల్లలు వారం నుంచి పోగేసిన చెక్కలు, పాత టైర్లు, ఎవరిదో సోఫా. చీకటి పడగానే అంటించారు. నల్లటి పొగ మా ఇంటి మీదికే తిరిగింది. సాహితి హాల్లో సోఫామీద పడుకుని ఫోను చూసుకుంటోంది. కిటికీ తెరిచి ఉంది.

సుధేష్ణ వంటింట్లోంచి వచ్చింది. కిటికీ దగ్గర ఆగింది. గుమ్మడికాయ దీపం కొంచెం సర్దింది. వెళ్ళిపోయింది.

నేను తిరగలి దగ్గరికి వెళ్ళినట్టు కిటికీదాకా వెళ్ళి, తిరిగి వచ్చాను. ఇంట్లో తిరగలి లేదు. కర్టెన్ మడత సరిచేశాను. కూర్చున్నాను.

సుధేష్ణ మళ్ళీ వచ్చింది. ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకోలేదు.

టైర్ల కంపు వంటింటిదాకా వచ్చింది. పిల్ల దగ్గలేదు. "కూల్ ఫైర్," అంది. అప్పుడు నా లోపల ఒకటి జారింది. దాని పేరు రాయను. పరీక్షలో ఫలానా ప్రశ్న రాలేదే అన్నప్పటి లాంటిది.

ఏడున్నరకి హేమచంద్ వచ్చాడు. కోటు విప్పకుండా తిన్నగా వెళ్ళి కిటికీ మూశాడు. గొళ్ళెం వేశాడు. నా వంక చూశాడు. సుధేష్ణ వంక చూశాడు. "అన్నం పెట్టండి," అన్నాడు.

ఎవరో తీశారు. గాలి ఆడక తీసి ఉంటారు.

నవంబరు 3, సోమవారం

పిల్ల బాగానే ఉంది.

నవంబరు 6, గురువారం

బాగానే ఉంది. వాన.

నవంబరు 9, ఆదివారం

బాగానే ఉంది. ఇంత బాగా ఎప్పుడూ లేదు. పొద్దున ఆరు దోసెలు తింది. ఏడోది అడిగింది. బుగ్గలు నిండాయి, మొహం పున్నమి చంద్రుడిలా గుండ్రంగా వచ్చింది. నా చేతి తిండి ఇన్నాళ్ళకి ఒంటికి పట్టింది. సుధేష్ణతో అంటే "యూనిఫాం బిగుతైంది" అని విసుక్కుంది.

ఇరవైఐదు రోజులే ఉన్నాయి.

అది ఎందుకు రాశాను?

నవంబరు 12, బుధవారం

రాత్రి ఒంటిగంటకి దాహమై లేచాను. సాహితి గది బయట నేల మీద సుధేష్ణ కూర్చుని ఉంది, తలుపుకి చెవి ఆనించి. నన్ను చూసి లేచింది. నేను మంచినీళ్ళు తాగి వచ్చేసరికి ఆ చోటు ఖాళీగా ఉంది. కాసేపు నేను కూర్చున్నాను.

నవంబరు 14, శుక్రవారం

భోజనాల దగ్గర చెంచా కిందపెట్టి అంది పిల్ల: "విల్ యూ ఆల్ స్టాప్ లిజనింగ్ టు మీ బ్రీదింగ్? ఇట్స్ క్రీపీ, లైక్."

"ఎవరు వింటున్నారే?" అన్నాను.

"యూ. మమ్మీ. డాడీ టూ. యూ గో ఆల్ క్వయట్." మళ్ళీ ఏమనుకుందో తెలుగులో అంది, పలుకులో అయిర్లండు నిండుగా. "అమ్మమ్మా, నేను బాగుంటే మీకు సాడ్‌గా ఉందా?"

హేమచంద్ కంచం తీసుకుని లేచిపోయాడు. పెరుగన్నం అలాగే ఉంది అందులో.

"నోర్ముయ్యి, అన్నం తిను," అన్నాను. అది జవాబు కాదు.

నవంబరు 18, మంగళవారం

ఆయేషా మళ్ళీ చేసింది. ఏమన్నా ఉందా అని. ఏమీ లేదన్నాను. "మంచిదే గదా, అమ్మమ్మా," అంది. మంచిదే అన్నాను.

నవంబరు 21, శుక్రవారం

బడికి వెళ్ళలేదు. కడుపులో వికారమట. ఒక్క దోసె కూడా తినలేదు. ఆయాసం మాత్రం లేదు. విన్నాను.

నవంబరు 22, శనివారం

లేస్తే కళ్ళు తిరుగుతున్నాయంటోంది. మొహంలో రంగు లేదు. ఇక్కడి ఇంటర్ లాంటి లీవింగ్ సర్ట్ పరీక్షల బెంగ అయి ఉంటుంది. ఆ వయసులో నాకూ అంతే. వంటింటి ప్రెస్ తలుపు దగ్గర నిలబడి ఉంది ఇందాక. ఏం కావాలే అంటే "నథింగ్" అంది. పై అర వంక చూస్తోంది.

నవంబరు 23, ఆదివారం

ఆస్పత్రి.

నవంబరు 25, మంగళవారం

రాయాలి. ముప్పైఒక్క ఏళ్ళు పిల్లలకి చెప్పాను, ప్రయోగం చెడిపోతే చెడిపోయినట్టే రికార్డులో రాయమని.

ఆదివారం మధ్యాహ్నం మూడున్నర. హేమచంద్ డ్యూటీలో ఉన్నాడు, కారుతో సహా. సుధేష్ణ కూరగాయలకి వెళ్ళింది. నేను చింతపండు నానేసి పైకి వెళ్ళాను. సాహితి మంచం పట్టె రెండు చేతులతో పట్టుకుని ముందుకు వంగి కూర్చుని ఉంది. భుజాలు చెవులదాకా లేస్తున్నాయి. వీపు మీద చెవి పెట్టాను. పిల్లిపిల్లలు లేవు. ఏ శబ్దమూ లేదు. చివరి రోజున రమకీ శబ్దం లేదు. తగ్గిందే అని మా అమ్మ దీపం తగ్గించింది.

ఇన్‌హేలర్ నాలుగుసార్లు కొట్టాను. "ద టిన్," అంది పిల్ల. ఒక్కో మాటకి ఒక్కో ఊపిరి. "అమ్మమ్మా. ద టిన్."

"లేదు తల్లీ. నాన్న కార్లో ఉంది."

"మైన్ ఆర్ గాన్."

"నీవేమిటే?"

దిండు గలీబులోకి చెయ్యి పెట్టి తీసింది. ఖాళీ రేకులు. ఎనిమిది. నేను నేర్పినట్టే వరసగా రబ్బరు బ్యాండు వేసి పెట్టుకుంది.

అక్టోబరు ఆయాసం తగ్గాక మళ్ళీ రాకుండా రోజూ రెండు వేసుకుందట. నలభై రోజులు. గురువారంతో అయిపోయాయి. డబ్బా కోసం వెతికింది, లేదు. అడగలేదు. "యూ సెడ్," అంది, "నో బాదర్ టు ఎనీవన్." ఎవరికీ ఇబ్బంది లేకుండా.

అంబులెన్సుకి ఫోను చేశాను. చిరునామా తడబడకుండా చెప్పాను. తరవాత చక్రధర్ నంబరు మీదికి వేలు వెళ్ళింది. నాలుగుసార్ల అలవాటు. ఫోను బల్లమీద బోర్లించాను.

ఎమర్జెన్సీలో కుర్రడాక్టరు ఒకడు పరుగెత్తుతూనే అడిగాడు. ఈమధ్య స్టెరాయిడ్ మాత్రలేమైనా వాడిందా? సుధేష్ణ అప్పుడే వచ్చింది, చేతిలో ఇంకా కూరల సంచీ. "నో. నాట్ సిన్స్ మే," అంది వెంటనే. అబద్ధమాడుతున్నానని దానికి తెలియను కూడా తెలియలేదు. ఇంట్లో అందరం అంతగా అలవాటుపడ్డాం.

"నిజం కాదు," అన్నాను ఇంగ్లీషులో, క్లాసులో వెనక బెంచీదాకా వినిపించే గొంతుతో. "నలభై రోజులు. రోజుకి ఇరవై మిల్లీగ్రాములు. మూడు రోజుల క్రితం ఒక్కసారిగా ఆగిపోయింది. అంతకుముందు పన్నెండు నెలల్లో నాలుగు కోర్సులు, ఐదేసి రోజులు. తారీకులు నా దగ్గరున్నాయి."

రేకులు వాడి చేతిలో పెట్టాను. వాడు వాటిని చూసి, పిల్లని చూసి, నర్సుకి ఏదో మందు పేరు అరిచాడు.

స్టెరాయిడ్ని బయటినుంచి పోస్తుంటే ఒంట్లో తనంతట తయారయ్యేది ఆగిపోతుంది. ఉన్నట్టుండి పొయ్యడం మానేస్తే లోపలా ఉండదు, బయటా ఉండదు. ఊపిరితిత్తులొక్కటే కాదు, ఒళ్ళంతా కూలిపోతుంది. ఉత్పన్నం ఎక్కువైతే చర్య వెనక్కి నడుస్తుందని ఎన్ని వందలసార్లు బోర్డు మీద రాశానో. మాత్రలతో ఉబ్బిన ఆ గుండ్రటి మొహం నా కళ్ళముందు నెల రోజులు తిరిగింది. నా దోసెలనుకున్నాను.

గంట ఆలస్యమైతే మేమేమీ చేయగలిగేవాళ్ళం కాదు, అన్నాడు కుర్రవాడు తరవాత. మాత్రల సంగతి చెప్పకపోయినా అంతే అన్నాడు. గొంతులో గొట్టం వేశారు. ఊపిరి మర తీస్తోంది.

సుధేష్ణ నాతో మాట్లాడలేదు. కూరల సంచీ మాత్రం నా ఒళ్ళో పెట్టింది.

నవంబరు 26, బుధవారం

గొట్టం ఉంది.

నవంబరు 27, గురువారం

గొట్టం ఉంది. హేమచంద్ కారు డిక్కీలోంచి డబ్బా తెచ్చి ఆయేషాకి ఇచ్చేశాడు. ఆ పిల్ల మూత తీసి చూసి, "ఇదొక మెడికల్ షాపే గదా, అమ్మమ్మా," అంది. నవ్వలేదు. తిట్టినా బాగుండేది.

నవంబరు 28, శుక్రవారం

తీశారు. కళ్ళు తెరిచింది. గొంతు లేదు. పెదవులు కదిపింది. గ్రాండ్ అనే అనుకుంటాను.

డాక్టర్ బ్రెనన్ నన్ను ఒక్కదాన్నే గదిలోకి పిలిచింది. డోసు ఎవరు చెప్పారంది.

"నేనే. కెమిస్ట్రీ లెక్చరర్ని."

"కెమిస్ట్రీ," అంది.

"ముప్పైఒక్క సంవత్సరాలు."

కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టింది. మీరు సెప్టెంబరులో ఈ మాట చెప్పి ఉంటే ఇండియా మాత్రలనైనా సరే నేను పరీక్షలు చేయించి, నా మాటగా రాసి పోరాడేదాన్ని అంది. నెగ్గేదాన్నో లేదో తెలియదు, కాని పిల్ల చేతికి ఆ డబ్బా చిక్కేది కాదు అంది. గొంతు పెంచలేదు. పెంచితే నేను తిరిగి ఏదో ఒకటి అనగలిగేదాన్ని.

ములింగార్ నుంచి ఫోను లేదు. రాకపోవడమే మంచిది.

డిసెంబరు 2, మంగళవారం

ఆమోదం వచ్చింది.

"అర్హతా ప్రమాణాలను అందుకున్నారు" అట. మూడోది కాగితం మీద పడగానే డాక్టర్ బ్రెనన్ మళ్ళీ పంపింది. గడువుకి రెండు రోజుల ముందు. అదే సంతకం, అదే కైండ్ రిగార్డ్స్.

హేమచంద్ ఉత్తరం రెండుసార్లు చదివి మడిచి జేబులో పెట్టుకున్నాడు. సుధేష్ణ ఏడ్చింది. నేను పాయసం చెయ్యనా అనబోయి ఊరుకున్నాను. ఆస్పత్రికి నిన్ననే చెప్పారట, ఇవాళ పొద్దున్నే మొదటి ఇంజెక్షన్, వార్డులోనే. ఆయేషా వేసింది. సూది బయటికి తీసి, "అయిపోయింది బిడ్డా, గింతే," అంది. గింతే.

డిసెంబరు 4, గురువారం

ఇంటికి తీసుకొచ్చాం. మెట్లు ఎక్కడానికి మూడుచోట్ల ఆగింది. ఆయాసంతో కాదు, నీరసంతో. వీపు మీద చెవి పెట్టనా అని అడిగాను. ఇన్నాళ్ళూ అడగకుండానే పెట్టేదాన్ని. "యూ కెన్, అమ్మమ్మా," అంది. గాలి వస్తోంది, పోతోంది. మధ్యలో ఎవరూ లేరు.

సాయంత్రం సుధేష్ణ హాల్లోకొచ్చింది. పదకొండు రోజుల తరవాత నాతో మొదటి మాట.

"అమ్మా, ఆ హాలోవీన్ రోజు కిటికీ నేనే తీశానా? నాకు గుర్తు రావట్లేదు. రోజూ అదే ఆలోచన. పిచ్చెక్కేట్టుంది. నేనే తీశానేమో."

"ఎవరు తీస్తేనేమే. ఆ పొగ వల్ల రాలేదుగా," అన్నాను.

"అది కాదమ్మా."

నాకు తెలుసు అది కాదని. సుధేష్ణ తలవంచుకుని పైకి వెళ్ళిపోయింది. పైన సాహితి గది తలుపు చప్పుడైంది. ఈ పుస్తకం తీసి అక్టోబరు 31 చదివాను. సుధేష్ణ రెండుసార్లు వచ్చిందని ఉంది. గుమ్మడికాయ సర్దిందని ఉంది. మా అమ్మాయి మూయలేదని ఎంత శ్రద్ధగా రాశానో. ఎవరో తీశారు, గాలి ఆడక తీసి ఉంటారు అని ఉంది చివర్న.

ఆ పేజీ చించుదామని పట్టుకున్నాను.

మంట అంటించకముందే, ఐదింటికి, వంటింట్లోంచి వచ్చి నేనే తీశాను. రమ అడిగేదని కాదు. గాలి కోసం కాదు. ఏ వైపు వీస్తోందో ముందు చెయ్యి బయటపెట్టి చూశాను. ఆ తరవాతే తీశాను.

పైకి వెళ్ళి సుధేష్ణకి చెప్పాలి. పెన్ను మూస్తున్నాను.